కొండెక్కినా ఆరని నిప్పు

తెలుగు ఇళ్ళలో దీపం ఆరిపోయిందని చెప్పడానికి నోరు రాక 'కొండెక్కింది' అంటారు. ఆ మాటకు సరిగ్గా ఎదురు నిలిచిన నిప్పు ఒకటి మన దేశంలో ఉన్నది. 1889లో మొదటిసారి రాజుకున్న ఆ నిప్పు నూట ముప్పయ్యేళ్ళు దాటిన తరువాత కూడా కొండ ఎక్కుతూనే ఉన్నది, ఆరిపోలేదు. డార్జిలింగ్ హిమాలయ రైలు మార్గంపై నడిచే 'బి' తరగతి ఆవిరి ఇంజన్ల గురించి మేము చెబుతున్నాము.

ఒకే నమూనాపై, ఒకే కొలతలతో తయారైన ఇంజన్లన్నిటినీ కలిపి రైల్వే పరిభాషలో ఒక 'తరగతి' అంటారు. మనుషుల్లో ఖాన్‌దాన్ వంటిదన్నమాట. ఈ ఖాన్‌దాన్‌లో 1889 నుండి 1925 వరకు పుట్టినవి మొత్తం 34 ఇంజన్లు. ఆకారంలో ఇవి ఎంత చిన్నవో ఊహించాలంటే ఒక పోలిక చాలు. మన మైదానాల్లో ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగిన పెద్ద ఆవిరి ఇంజన్లు బొగ్గు, నీళ్ళు మోసే వెనుక బండితో కలిపి 170 టన్నుల దాకా తూగేవి. 'బి' తరగతి ఇంజన్ బరువు 14, 15 టన్నులు. దాని చక్రం అడ్డుకొలత 26 అంగుళాలు. అది నడిచే పట్టాల మధ్య దూరం రెండే రెండు అడుగులు. చిన్నపిల్లవాడు కూడా ఒక్క గెంతులో దాటగలడు. ఇంత చిన్న యంత్రం ఏడువేల అడుగుల ఎత్తుకు మనుషులను, బియ్యాన్ని, తేయాకును మోసింది. తనకంటే ఎంతో బలమైన ఇంజన్లు తుక్కుగా మారి కరిగిపోయిన తరువాత కూడా అది మిగిలి ఉన్నది. ఎందుకు మిగిలింది అన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మా ఇంట్లో పుట్టడానికి కారణం మా అబ్బాజాన్. ఆయన గుంతకల్లు లోకో షెడ్డులో, మీటరు గేజి ఇంజన్లపై ఫైర్‌మన్‌గా ఉద్యోగ జీవితాన్ని ప్రారంభించారు. ఫైర్‌మన్ అంటే మంటలార్పేవాడు కాదు, మంటను పోషించేవాడు. మండుతున్న కొలిమి ముందు, కదులుతున్న ఇంజన్‌పై నిలబడి, పారతో బొగ్గు వేసిన చేతులవి. కుడి మణికట్టు పైన ఒక కాలిన మచ్చ ఉన్నది. దానిని ఆయన నవ్వుతూ 'నా మొదటి జీతం' అంటారు. ఆవిరి ఇంజన్లు తెరమరుగైన తరువాత డీజిల్ ఇంజన్లపై శిక్షణ పొంది, ఆ ఉద్యోగంలోనే పదవీ విరమణ చేశారు. తనకంటూ ఏ కోరికా చెప్పని మనిషి ఒకనాడు దస్తర్‌ఖాన్ వద్ద, "ఆవిరి ఇంజన్ బతికి ఉన్న చోటును ఒక్కసారి చూడాలని ఉన్నది" అన్నారు. ఆ మాట పట్టుకొని కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో ఆయనను, పిల్లలను వెంటబెట్టుకొని మేము డార్జిలింగ్ వెళ్ళాము.

ఆ ప్రయాణంలో కన్నదీ, విన్నదీ అర్థం కావాలంటే ముందు ఆ దారి కథ తెలియాలి.

పందొమ్మిదవ శతాబ్దంలో డార్జిలింగ్ ఆంగ్లేయ దొరలకు వేసవి విడిది. చుట్టూ తేయాకు తోటలు పెరుగుతున్నాయి. 1878 నాటికి కలకత్తా నుండి సిలిగురి దాకా రైలు మార్గం ఏర్పడింది. నడుమ గంగను మాత్రం నావపై దాటవలసి వచ్చేది. సిలిగురి నుండి పైకి వెళ్ళడానికి 'హిల్ కార్ట్ రోడ్డు' అనే బండ్ల బాట ఒక్కటే ఆధారం. ఎద్దుబండ్లు, టాంగాలు ఆ బాటపై రోజుల తరబడి పాకుతూ ఎక్కేవి. దాని ఫలితం పేదవాని పళ్ళెంలో కనిపించేది. సిలిగురిలో కొన్న బియ్యం డార్జిలింగ్ చేరేసరికి ధర రెట్టింపు దాటిపోయేది. ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంటుగా ఉన్న ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ఈ ధరల తేడానే లెక్కగట్టి చూపి, ఉన్న బండ్ల బాట వెంబడే సన్నని రైలు పట్టాలు వేయవచ్చునని ప్రతిపాదించారు. అప్పటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ యాష్లీ ఈడెన్ దానికి ఆమోదం తెలిపారు.

1879లో పని మొదలైంది. 1880 ఆగస్టులో కర్సియాంగ్ వరకు, 1881 జూలైలో డార్జిలింగ్ వరకు రైలు నడిచింది. సిలిగురి సముద్రమట్టానికి సుమారు 400 అడుగుల ఎత్తున ఉంటుంది. ఈ దారిలో అన్నిటికంటే ఎత్తైన ఘుమ్ స్టేషను 7,407 అడుగుల ఎత్తున ఉన్నది. అంటే ఏడువేల అడుగుల ఆరోహణ. అయినా ఈ మార్గంలో ఒక్క సొరంగమూ లేదు. నీలగిరి రైలుకు ఉన్నట్లు పట్టాల నడుమ పళ్ళ చట్రమూ లేదు. ఇనుప చక్రం ఇనుప పట్టాను పట్టుకొని పైకి పోవాలి, అంతే. చాలాచోట్ల ఇరవై అయిదు అడుగులు ముందుకు సాగితే ఒక అడుగు పైకి లేచే వాలు. రైలుకు ఇది చిన్న వాలు కాదు.

కొండ మరీ నిటారుగా ఉన్నచోట ఇంజనీర్లు రెండు ఉపాయాలు పన్నారు. ఒకటి, పట్టాలను చుట్టగా తిప్పి, బండి తన దారిపైనే తాను వంతెన మీదుగా దాటిపోయేటట్లు చేయడం. రెండవది 'జిగ్‌జాగ్'. బండి కొంత దూరం ముందుకు ఎక్కి ఆగుతుంది. తరువాత వెనుకకు నడుస్తూ మరొక పట్టాపై ఇంకొంత ఎత్తుకు చేరుతుంది. మళ్ళీ ముందుకు సాగుతుంది. ఇటువంటి జిగ్‌జాగ్‌లు ఇప్పుడు ఆరు ఉన్నాయి. దారి తోచక చింతాక్రాంతుడైన ఒక ఇంజనీరుతో ఆయన భార్య, ముందుకు పోలేనప్పుడు వెనుకకు రావచ్చు కదా అన్నదనీ, ఆ మాట నుండే ఈ ఉపాయం పుట్టిందనీ అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, ఆ ఇంటి ఇల్లాలికి దక్కిన గౌరవం మాత్రం మాకు నచ్చింది.

దారి సిద్ధమైంది గానీ దానికి తగిన ఇంజన్ వెంటనే దొరకలేదు. తొలినాటి ఇంజన్లు మరీ చిన్నవి. వాటి వెనుక కొద్దిపాటి బరువు కట్టినా ఆయాసపడేవి. బలం కోసం ఇంజన్‌ను పొడవు చేస్తే మలుపులు తిరగదు. బరువు పెంచితే పట్టాలు, వంతెనలు భరించవు. ఈ రెండు కట్టుబాట్ల నడుమ 1889లో స్కాట్లండులోని గ్లాస్గో నగరం నుండి, షార్ప్ స్టీవర్ట్ కంపెనీ తయారు చేసిన 'బి' తరగతి ఇంజన్ వచ్చింది. దానికి నాలుగే చక్రాలు. ఆ నాలుగూ లాగే చక్రాలే. ఊరికే బరువు మోసే చక్రం ఒక్కటీ లేదు. కాబట్టి ఇంజన్ బరువంతా పట్టాను పట్టుకోవడానికే ఉపయోగపడుతుంది. నీళ్ళకు వెనుక వేరే బండి లేదు. గుర్రంపై జీను వేసినట్లు బాయిలర్ పైన వంగి కూర్చున్న తొట్టి ఒకటి, కింద చట్రం నడుమ దాచిన తొట్టి ఇంకొకటి. బొగ్గు కూడా బాయిలర్ పైభాగానే, డ్రైవరు నిలిచే చోటుకు ఎదురుగా ఉంటుంది. వృథా అనదగిన అంగుళం దానిలో కనిపించదు.

యంత్రాన్ని ఇంత పొదుపుగా కట్టినవారు మనుషుల విషయంలో మాత్రం పొదుపు చేయలేకపోయారు. ఆ చిన్న ఇంజన్‌ను నడిపించడానికి అయిదుగురు కావాలి. ఒకరు డ్రైవరు. ఒకరు ఫైర్‌మన్. మూడవ మనిషి బొగ్గు గుట్టపైనే కూర్చుని, పెద్ద గడ్డలను సుత్తితో పగులగొట్టి లోపలికి అందిస్తాడు. మిగిలిన ఇద్దరూ ఇంజన్ ముందుభాగాన, చెరొక పక్కన, బయటనే కూర్చుంటారు. వారి పని పట్టాలపై ఇసుక చల్లడం.

ఇసుక చల్లడం చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఆ రైలు మార్గమంతా ఆ గుప్పెడు ఇసుకపై ఆధారపడి ఉన్నది. హిమాలయాల వాలులో పొగమంచు, వాన, రాలిన ఆకులు పట్టాను నున్నగా చేస్తాయి. చక్రం జారితే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. బండి ఆగిపోతుంది, పట్టా అరిగిపోతుంది. చక్రం విసురుగా తిరిగినప్పుడు పొగగొట్టంలోని ఈడ్పు పెరిగి కొలిమిలోని మంట కూడా చెదిరిపోతుంది. అప్పుడు పట్టాపై పడిన పొడి ఇసుకే చక్రానికి పట్టు ఇస్తుంది. మైదానాల్లోని ఇంజన్లకు ఇసుకను గొట్టాల ద్వారా జార్చే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ అడుగడుగునా మలుపు, అడుగడుగునా వేరు వేరు తడి. ఎక్కడ ఎంత చల్లాలో గొట్టానికి తెలియదు, చేతికి తెలుస్తుంది.

మేము న్యూ జల్పాయిగురి నుండి పైకి ఎక్కిన బండికి డీజిల్ ఇంజనే ఉన్నది. 2000 ప్రాంతం నుండి ఆ మార్గంలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. దూర ప్రయాణపు బండ్లను ఎక్కువగా అవే లాగుతున్నాయి. మొదటి జిగ్‌జాగ్ వద్ద బండి ఆగి, వెనుకకు నడుస్తూ ఎక్కసాగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అబ్బాజాన్ మాత్రం కిటికీ నుండి తల బయటపెట్టి, ఇంజన్ వైపు తదేకంగా చూస్తూ, "ఇక్కడ ఫైర్‌మన్ ప్రాణం గుప్పిట్లో ఉంటుంది" అన్నారు.

ఎందుకని అడిగితే వివరించారు. ఆవిరి ఇంజన్ బాయిలర్‌లో నీళ్ళు ఎప్పుడూ కొలిమి పైకప్పును కప్పి ఉండాలి. ఆ పైకప్పు బయటపడితే ఇనుము కాలి, మెత్తబడి, ప్రమాదం జరుగుతుంది. బండి ముందుకు ఎక్కుతున్నప్పుడు ఇంజన్ ముక్కు పైకి లేచి ఉంటుంది కనుక నీళ్ళు వెనుకనున్న కొలిమి వైపు చేరతాయి. అప్పుడు భయం లేదు. కానీ జిగ్‌జాగ్‌లో బండి వెనుకకు నడుస్తూ ఎక్కేటప్పుడు ఇంజన్ ముక్కు కిందికి దిగుతుంది. నీళ్ళన్నీ ముందుకు జారిపోతాయి. ఒక్క నిమిషం క్రితం నిండుగా కనిపించిన గాజు గొట్టంలో నీటిమట్టం చూస్తూండగానే పడిపోతుంది. "మైదానంలో ఒక్క లెక్క ఉంటే చాలు. ఇక్కడ వాడు ఆరుసార్లు లెక్క మార్చుకోవాలి. మలుపు రాకముందే నీళ్ళు పెట్టి ఉంచాలి. మలుపు వచ్చాక పెడదామంటే ఆలస్యమైపోతుంది" అన్నారు. ఇరవయ్యేళ్ళకు పైగా ఆయన నోట వినని మాటలు అవి. తాను ఎన్నడూ పని చేయని దారిలోని కష్టం ఆయనకు చూడగానే తెలిసిపోయింది.

మరునాడు డార్జిలింగ్ నుండి ఘుమ్ వరకు వెళ్ళి తిరిగి వచ్చే బండి ఎక్కాము. దానిని 'బి' తరగతి ఇంజనే లాగింది. ఘుమ్ స్టేషనులో బండి కాసేపు ఆగింది. ప్రయాణికులందరూ ఇంజన్ ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. అబ్బాజాన్ ఆ గుంపును దాటి ఇంజన్ పక్కకు వెళ్ళారు. ముట్టుకోలేదు; కళ్ళు మూసుకొని దాని ఊపిరిని విన్నారు. ముందుభాగాన కూర్చున్న యువకుడు ఇసుకను అరచేతిలో పొడిపొడిగా నలుపుతున్నాడు.

"సలాం బేటా. ఇసుక ఎప్పుడు వేయాలో నీకెలా తెలుస్తుంది?" అని అడిగారు.

ఆ యువకుడు ముందు ఆయన ముఖాన్నీ, తరువాత మణికట్టునూ చూశాడు. "చాచాజీ, చక్రం జారాక వేస్తే లాభం లేదు. జారబోతున్నదని శబ్దమే ముందుగా చెబుతుంది" అన్నాడు.

"ఎక్కువ వేస్తే?"

"వెనుక పెట్టెల చక్రాలు బరువెక్కుతాయి. తిట్లు నాకే పడతాయి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ యువకుని తండ్రి కూడా ఆ దారిలోనే పని చేశారట. శబ్దాన్ని వినడం ఆయనే నేర్పారట. బండి కూత వేసేదాకా వారిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకరిది రాయలసీమ ఉర్దూ, ఒకరిది కొండప్రాంతపు హిందీ. ఆ మాటల్లో సగం మాకు తెలియని పనిమాటలే. వారికి మాత్రం ఏదీ విడమరచి చెప్పుకోవలసిన అవసరం కలగలేదు.

మేము మొదట వేసుకున్న ప్రశ్నకు సమాధానం మాకు ఆ ప్లాట్‌ఫారంపైన దొరకడం మొదలైంది.

'బి' తరగతి కంటే బలమైన ఇంజన్‌ను ఆ కొండపై ప్రయత్నించకపోలేదు. 1910 దశకం ఆరంభంలోనే ముందొక జత, వెనుకొక జత చక్రాల సమూహాలతో, నడుమ బాయిలర్ వేలాడే 'గ్యారట్' రకం ఇంజన్ అక్కడికి వచ్చింది. మన దేశంలో అడుగుపెట్టిన మొదటి గ్యారట్ అదే. అయినా అది ఒంటరిగానే మిగిలిపోయి, చివరకు తుక్కుగా మారింది. దాని తరువాత కూడా 'బి' తరగతి ఇంజన్లనే మరిన్ని చేయించుకున్నారు. కొన్ని అమెరికాలోని బాల్డ్‌విన్ కర్మాగారం నుండి వచ్చాయి. కొన్నిటిని ఆ రైలు మార్గానికి చెందిన తింధారియా వర్క్‌షాపులోనే కూర్చారు.

ఈ తింధారియా పేరును గుర్తుంచుకోవాలి. సిలిగురికీ కర్సియాంగ్‌కూ నడుమ, కొండ అంచున ఉన్న చిన్న ఊరు అది. మొదటి ఇంజన్లను చేసిన షార్ప్ స్టీవర్ట్ కంపెనీ 1903లో మరి రెండు కంపెనీలతో కలిసి నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీగా మారింది. ఆ మహా సంస్థ కూడా 1962లో మూతపడింది. అంటే ఇంజన్‌ను కన్న ఇల్లే లేకుండా పోయింది. ఒక మర విరిగితే, ఒక గొట్టం పగిలితే తెప్పించుకోవడానికి చోటు లేదు. అయినా 'బి' తరగతి ఆగలేదు. పగిలినదాన్ని అతికి, అరిగినదాన్ని మళ్ళీ పోత పోసి, ఒక ఇంజన్ భాగాన్ని మరొకదానికి అమర్చి తింధారియా కార్మికులు దానిని నడుపుతూ వచ్చారు. ఈనాడు నడుస్తున్న 1889 నమూనా ఇంజన్‌లో గ్లాస్గోలో పుట్టిన ఇనుము ఎంత, తింధారియాలో పుట్టిన ఇనుము ఎంత అని విడదీయడం తేలిక కాదు. ఈ ఇంజన్లు విదేశంలో పుట్టినా, వాటి ఆయుష్షు మాత్రం మన కార్మికుల చేతుల్లో తయారైనదే.

ఆ వంశంలోని వారు తరువాత నలుమూలలకూ చెదిరిపోయారు. ఒకటి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో నిలిచి ఉన్నది. ఒకటి 1960లలో అమెరికాకు అమ్ముడుపోయి, దశాబ్దాల తరువాత ఇంగ్లండు చేరి అక్కడ మళ్ళీ ఆవిరి ఊదింది. కొన్ని అస్సాంలోని తీపాంగ్ బొగ్గు గనిలో బొగ్గు పెట్టెలు లాగాయి. కొన్ని తుక్కుగా కరిగాయి. కొద్దిపాటి ఇంజన్లు మాత్రం తమ కొండను వదలలేదు.

కొండ కూడా వాటిని సుఖంగా ఉండనివ్వలేదు. కర్సియాంగ్‌కు దిగువన 'పాగ్లా ఝోరా' అనే చోటు ఉన్నది. పిచ్చివాగు అని అర్థం. పేరుకు తగినట్లే అది ఎన్నోసార్లు దారిని మింగింది. 2010లో అక్కడ కొండచరియ విరిగిపడి పట్టాలు కొట్టుకుపోయాయి. మరుసటి ఏడు తింధారియా వద్ద కూడా నేల జారింది. సిలిగురి వైపు నుండి డార్జిలింగ్ దాకా బండి మళ్ళీ పూర్తిగా నడవడానికి 2015 డిసెంబరు వరకు పట్టింది. 1999లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ గుర్తింపు లేకపోతే ఆ అయిదేళ్ళ విరామం శాశ్వతమై ఉండేదేమో.

అయితే ఈ కథను కేవలం ముచ్చటగా చెప్పి ముగించడం న్యాయం కాదు. ఆ రాత్రి హోటలు గదిలో ఇంజనీరింగ్ చదువుతున్న మా పెద్దబ్బాయి సూటిగానే అడిగాడు. "దాదాజాన్, అయిదుగురు చేసే పనిని డీజిల్ ఇంజన్‌పై ఇద్దరు చేస్తున్నారు. బొగ్గు పొగ ఊరి మీద పడదు. వానలో, చలిలో ముందు కూర్చుని ఇసుక చల్లే బాధ ఎవరికీ ఉండదు. టూరిస్టుల సరదా కోసం ఒక మనిషిని అట్లా కూర్చోబెట్టడం సబబేనా?"

పిల్లవాని ప్రశ్నలో బలం ఉన్నది. ఆ రైలును మొదట వేసినది కూడా దొరల వేసవి సుఖం కోసం, తేయాకు వ్యాపారం కోసమే. 1896లో మార్క్ ట్వెయిన్ ఆ కొండపైకి వచ్చి, తిరుగు ప్రయాణంలో చేతిబ్రేకు బండిపై దిగిన ఆనందాన్ని తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పట్టాలు పరచిన కూలీల పేర్లు మాత్రం ఎవరి పుస్తకంలోనూ ప్రయాణికులకు కనిపించవు.

అబ్బాజాన్ కోప్పడతారనుకున్నాము. ఆయన తల ఊపారు. "నీవన్నది నిజమే బేటా. నా తోటి ఫైర్‌మన్లలో దగ్గుతో రాత్రంతా కూర్చునే గడిపినవాళ్ళు ఉన్నారు. ఎండాకాలంలో కొలిమి తలుపు తెరిస్తే కనురెప్పలు మాడేవి. ఆ బతుకు మళ్ళీ ఎవరికీ రావాలని నేను కోరను" అన్నారు. కాసేపు ఆగి, "కానీ పని పోవడం వేరు. పని తెలిసినవాడు ఏమీ తెలియనివాడిలా మిగిలిపోవడం వేరు. ఆ అబ్బాయి దగ్గర నేను ఈ రోజు పదిహేను నిమిషాలు పని తెలిసినవాడిగా నిలబడ్డాను" అన్నారు.

గదిలో ఎవరమూ మాట్లాడలేదు. పెద్దబ్బాయి లేచి వెళ్ళి ఆయన కాళ్ళపై దుప్పటి కప్పాడు.

ఆ మాట మమ్మల్ని చాలాకాలం ఆలోచింపజేసింది. మన ఇళ్ళలోనే చూడండి. మగ్గంపై పని చేసిన చేతులు, గుర్రానికి నాడా కొట్టిన చేతులు, రాగి పాత్రకు కళాయి పూసిన చేతులు, అత్తరు కాచిన చేతులు ఎన్ని లేవు! కాలం ఆ పనులను పక్కకు నెట్టింది. కొన్ని పోవలసినవే, వాటిలో కాళ్ళు చేతులు అరగదీసిన కష్టం ఉన్నది. పని పోయినప్పుడు దానితో పాటు ఆ మనిషి ఒక జీవితకాలం కూడబెట్టిన తెలివి కూడా మూటగట్టి అటకెక్కుతుంది. శబ్దం విని జారుడును ముందే పసిగట్టడం, పొగ రంగు చూసి మంట ఆకలిని చెప్పడం, వాలును బట్టి నీటి లెక్క మార్చడం. ఇవి చదువులు కావని ఎవరు అనగలరు? వీటికి ధృవపత్రాలు లేవు కనుక మనం వీటిని చదువుల లెక్కలో వేయడం లేదు.

'బి' తరగతి ఇంజన్ ఇంతకాలం ఎందుకు బతికిందో ఇప్పుడు మాకు తెలుస్తున్నది. అది బలమైనది కావడం వల్ల కాదు, అందమైనది కావడం వల్లా కాదు. దాని గురించి తెలిసినవారు ఒక తరం తరువాత ఒక తరంగా, తెగిపోకుండా, దాని పక్కనే ఉన్నారు. ఢిల్లీ మ్యూజియంలోని ఇంజన్‌కు రంగు మెరుస్తూ ఉంటుంది. కానీ దాని ముందు ఇసుక పట్టుకొని కూర్చునే మనిషి లేడు. అందువల్ల అది వస్తువు అయిపోయింది. ఘుమ్‌లో మేము చూసినది మాత్రం నూనె మరకలతో, ఆవిరి కారుతూ, అయిదుగురి జ్ఞానంతో ఊపిరి పీల్చుతున్నది. రేపు అక్కడ బొగ్గుకు బదులు మరో ఇంధనం రావచ్చు. పొగ తగ్గాలి, కార్మికునికి రక్షణ పెరగాలి. కానీ తింధారియాలో పాత మరను కొత్తగా పోయడం తెలిసిన చివరి మనిషి, ఎవరికీ నేర్పకుండా ఇంటికి వెళ్ళిపోయిన నాడు, ఎన్ని యునెస్కో ఫలకాలు తగిలించినా ఆ నిప్పు తెలుగువారి అర్థంలోనే కొండెక్కుతుంది.

మేము తిరిగి వచ్చిన తరువాత మా చిన్నమ్మాయి ఒక రూళ్ళ నోటుబుక్కు తీసుకొని అబ్బాజాన్ పక్కన చేరింది. బడిలో ప్రయాణ వ్యాసం రాయమన్నారట. వ్యాసం రెండు పేజీల్లో అయిపోయింది. నోటుబుక్కు మాత్రం ఆగలేదు. ఆయన చెబుతూ ఉంటే అది తన గుండ్రని అక్షరాలతో రాస్తూ పోయింది. బొగ్గును ఒకేసారి గుమ్మరించరాదు, కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి. నల్లని పొగ వస్తే బలం వస్తున్నదని కాదు, బొగ్గు వృథా అవుతున్నదని అర్థం. పలచని బూడిదరంగు పొగ రావాలి. గాజు గొట్టంలో కనిపించే నీటిని నమ్మే ముందు బండి ఏ వాలులో ఉన్నదో చూడాలి. డ్రైవరు అడగకముందే ఆవిరి సిద్ధంగా ఉంచాలి.

ఆ నోటుబుక్కులో ఇప్పటికి నలభై పేజీలు నిండాయి. ఎనభయ్యో పడిలో ఉన్న అబ్బాజాన్ రోజూ అసర్ నమాజు తరువాత అరుగుపై కూర్చుని, చదువుకోవలసిన పాఠాలేమీ లేవా అని మనవరాలిని మందలిస్తారు. అంటూనే, నిన్న ఎక్కడ ఆపామో చదివి వినిపించమంటారు.